దేవకుమారికి డాక్టరు చెప్పిన ఆఖరి మాట

దేవకుమారి కాకినాడలో ఒక ఆఫీసులో గుమాస్తా. వయసు నలభై ఏడు. సామర్లకోటలో రెండు గదుల అద్దె వాటాలో తల్లితో ఉండేది. తల్లికి సుగరు. పదకొండేళ్లపాటు ఆవిడ పథ్యం, ఇంజెక్షన్లు, కాలి పుండుకు కట్లు అన్నీ దేవకుమారే చూసుకుంది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే "అమ్మని కాస్త కుదుటపడనివ్వండి" అనేది. నిరుడు వేసవిలో తల్లి పోయింది.

ఆ తరువాతే ఆమెకు నిద్ర కరువైంది. మెడ వెనక నొప్పి, ఊరికే గుండె దడ. ఒకరోజు ఆఫీసు మెట్లెక్కుతూ కూలబడింది. డాక్టరు బీపీ చూశాడు. పైన నూట అరవై ఎనిమిది, కింద నూట నాలుగు.

"ఉప్పు తగ్గించండి, ఆవకాయ మానెయ్యండి. రోజూ అరగంట నడవండి. మాత్ర మాత్రం వదలకూడదు. ఇంట్లో ఎవరెవరు ఉంటారండి?"

"నేనొక్కదాన్నేనండి."

"ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండండమ్మా. అదీ మందే."

మొదటివన్నీ చేసింది. ఆవకాయ జాడీ పక్కవాటా వాళ్లకు ఇచ్చేసింది. సాయంత్రం రైలు దిగి కాలవ గట్టు మీద నడిచింది. ఆఖరిదే చేతకాలేదు. ఓ రెండో శనివారం సెలవు గడిచాక, ఆదివారం చర్చిలో కీర్తన అందుకోబోతే గొంతు పెగల్లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఒక్క మాటైనా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది.

రెండు నెలలకు ఒళ్లు తేలికపడింది. తగ్గిపోయిందనుకుని మాత్రలు ఆపేసింది. వేసుకున్నావా అని అడిగేవాళ్లు లేరు. మూడో వారంలో గట్టు మీద కళ్లు తిరిగాయి. అక్కడ పెసరట్లు వేసే వీరమ్మ పరుగున వచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది.

"మీ వాళ్లెవరికైనా ఫోన్ చెయ్యమంటారా అండి?"

దేవకుమారి ఫోనులో పేర్లన్నీ కిందిదాకా చూసింది. ఒక్కటీ నొక్కలేదు. ఏడుపు వచ్చేసింది. వీరమ్మ పొయ్యి ఆర్పి, ఆటో పిలిచి, తానే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

రెండు రోజుల తరువాత పళ్లు పట్టుకుని వెళ్లిన దేవకుమారి, వీరమ్మ బొటనవేలి పక్కన నల్లబడిన పుండు చూసింది.

"ఎన్నాళ్ల నుంచండి ఇది?"

"నెలవుతోందండి. నొప్పి లేదుగా, అదే మానుద్ది."

"నొప్పి లేకపోవడమేనండి భయం. మా అమ్మకీ ఇలాగే మొదలైంది."

సెలవు పెట్టి మరీ తీసుకెళ్లింది. సుగరు మూడువందల పది. ఇంకొన్నాళ్లు ఆగితే వేలు తీసెయ్యాల్సి వచ్చేదన్నాడు డాక్టరు.

ఇప్పుడు దేవకుమారి రోజూ బల్ల దగ్గర కాసేపు కూర్చుంటుంది. కట్టు తడిసిందేమో చూస్తుంది. వీరమ్మ అట్టు తిరగేస్తూనే "మాత్ర పడిందా?" అంటుంది. మొన్న బీపీ నూట ముప్పై ఆరుకు దిగింది. నిద్ర ఇంకా నాలుగు గంటలే.

వీరమ్మకు కోడలుంది, మనవలున్నారు. ఏడయ్యేసరికి ఎవరో ఒకరు పిలవడానికి వస్తారు. అప్పుడు దేవకుమారి లేచి ఇంటికి నడుస్తుంది. తాళం తీసి, లైటు వేసి, తల్లి మంచం మీద దుప్పటి దులిపి మళ్లీ పరుస్తుంది. ఆ మంచం ఎవరికైనా ఇచ్చెయ్యమని వీరమ్మ రెండుసార్లు చెప్పింది. ఇస్తానంది గానీ ఇంకా ఇవ్వలేదు.