ఆక్సిజన్ అందని బిళ్ళ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను క్యాంపస్‌లో సూపర్ కండక్టర్లపై పరిశోధన చేసేవాణ్ణి. నేను చేసిన నల్లటి బిళ్ళను ద్రవ నైట్రోజన్‌లో ముంచితే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారాలి. అందుకు దాన్ని గంటల తరబడి ఆక్సిజన్‌లో కాల్చాలి. స్ఫటికంలో ఆక్సిజన్ ఖాళీలు మిగిలితే, కరెంటును అడ్డులేకుండా మోసే ఎలక్ట్రాన్ల జతలు తగ్గి, ఎలక్ట్రాన్లు చారలుగా బారులు తీరతాయి.

అలా మూడు బిళ్ళలు పాడయ్యాయి. నాలుగోది కొలిమిలో ఉండగా, కొత్త ఆక్సిజన్ సిలిండర్ తెస్తున్న ట్రాలీ తార్నాకలో ర్యాలీ దగ్గర ఆగిపోయిందని ఫోనొచ్చింది. పరుగెత్తాను. నల్గొండ పల్లె నుంచి వచ్చిన మా ల్యాబ్ మిత్రుడు జెండాతో కనిపించాడు.

“ట్రాలీని వదలమని చెప్పు!” అని అరిచాను.

“ఒక్క దినం ఆగరాదా?”

“కొలిమి ఆగదు!”

వాడు నన్నొక్క క్షణం చూసి, జనాన్ని పక్కకు జరిపి దారి ఇప్పించాడు. ట్రాలీతో మేం ల్యాబ్ చేరేసరికి కొలిమికి పెట్టిన పాత సిలిండర్ ఖాళీ.

మర్నాడు నైట్రోజన్‌లో ముంచినా బిళ్ళలో అడ్డు పోలేదు. పారేయబోతే మా గైడ్ ఆపారు. “ఆ చారల్నే కొలిచి చూడు.”

వాటి మీదే థీసిస్ రాశాను. డిగ్రీ వచ్చింది, కానీ నేను కోరుకున్న సున్నా అడ్డు మీటరు మీద ఒక్కసారీ రాలేదు.