మీసానికి కట్టిన దారం

1993 వేసవిలో నన్ను కర్ణాటకలోని పావగడ తాలూకా అరసికెరె వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వైద్యాధికారిగా వేశారు. వానల్లేక వేరుశనగ ఎండిపోయిన కాలం. ప్రతి ఇంట్లో నీళ్ళ బిందె మీద అందరి కళ్ళూ ఉండేవి.

నరసింహప్ప అనే రైతు బావి లోతు చేయిస్తూ జారిపడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. కాళ్ళు కదలవు, చేతులు సగమే లేస్తాయి. ఒంటేలు తనంతట రాదు గనక భార్య లక్ష్మక్క వేళకు శుభ్రమైన గొట్టం పెట్టి తీసి, కొలిచి, నేనిచ్చిన చార్టులో రాసేది. పగటికంటే రాత్రి రెట్టింపు వచ్చేది. మూడుసార్లు లేచి లేచి ఆమె నిలబడ్డచోటే తూలేది.

సాయంత్రం నుంచి నీళ్ళు మానిపించాను. తగ్గలేదు. ఆయన పడుకుంటే ఆమె కూడా పడుకుంటుందని నిద్రమాత్ర రాశాను. ఇంకా పెరిగింది. రోగి దొంగచాటుగా నీళ్ళు తాగుతున్నాడని తేల్చి, ఆ మాట చార్టులోనే రాసిపెట్టాను. కరువు ఊళ్ళో నీళ్ళదొంగ అనిపించుకోవడం చిన్న విషయం కాదు. నరసింహప్ప ముఖం మాడ్చుకున్నాడు.

"చెంబెత్తేదానికి చేతులే రావు. నేను యాడ దొంగతనం చేసేది సార్?"

మాటలో న్యాయం ఉంది. నా డిగ్రీ ఒప్పుకోలేదు. పట్టుకుందామని ఒక మధ్యాహ్నం చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన నిద్రపోతున్నాడు. చెంబు దొరకలేదు గానీ, మీసానికి కట్టిన దారం కనిపించింది. రెండో కొస పక్క మంచం మీద కూర్చున్న లక్ష్మక్క చేతిలో ఉంది.

"గురక నిలిచిపోతాది సార్, ఊపిరి గూడా. లాగితే మళ్ళా తీసుకుంటాడు. ముందు కాలివేలికి కట్టినా. ఆయప్పకు ఆడ తెలీదు గదా."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు అడిగింది ఉచ్చ గురించే గదా సార్."

నవ్వొచ్చింది. వెంటనే భయమేసింది. చీటీ రాసి బెంగళూరు పంపాను. అక్కడి డాక్టర్లు ఒక రాత్రి కనిపెట్టి చూసి చెప్పారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద భారం పడుతుంది. నీళ్ళు వదిలించమని అది మూత్రపిండాలకు కబురు పెడుతుంది. పగలు కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు కాళ్ళకు దిగిన నీరు కూడా పడుకోగానే తోడవుతుంది. నా నిద్రమాత్ర ఆ గొంతును మరింత వదులు చేసింది.

మాత్ర ఆపాను. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మధ్యాహ్నం కాళ్ళు ఎత్తి పెట్టడం మొదలైంది. మూడు లేవడాలు ఒకటయ్యాయి. దారం మాత్రం తీయవద్దన్నాను.

నరసింహప్పకు అది చాలలేదు. నా ఎదుటే భార్య చేత చెంబెడు మజ్జిగ తాగించుకుని, చార్టు వైపు చూపించాడు.

"రాసింది మీరే. కొట్టేసేదీ మీరే."

ఎర్ర సిరాతో కొట్టేసి సంతకం పెట్టాను.

రాత్రిపూట ఒంటేలు ఎక్కువని ఎవరొచ్చినా, ఆ తర్వాత నా మొదటి ప్రశ్న పక్క మంచం మీద పడుకునేవాళ్ళకే. రెండోది, అంతకుముందు నేను రాసిన మందు చీటీకి.