బతికున్న మామకు శోకాలు

ఆ రోజుల్లో, అంటే మన రాజధాని కర్నూలు గుడారాల్లో ఉన్నప్పుడు, పేదల వీధికి పాట తీసుకుపోతే వాళ్ల దిగులు తగ్గుతుందని ప్రభుత్వం నమ్మింది. ప్రభుత్వం కంటే గట్టిగా నేను నమ్మినాను. కాలేజీ చదువు ఇంకా పచ్చిగా ఉండింది మరి. ఇప్పటికీ ప్రొద్దుటూరులో ఎవరింటి పెండ్లికి పోయినా ఆ కథ ఎత్తుతారు. నేనొక నేత ఇల్లాలికి చావింటి శోకాలు నేర్పించి మొగుడి మీదికి ఉసిగొల్పినానట, మా ఆఫీసరు చెప్పులు వదిలేసి జమ్మలమడుగు దాకా పరుగెత్తినాడట. రెండూ అబద్ధాలే. శోకాలు నాకే రావు, ఇంకొకరికి నేర్పేదేంది? ఆఫీసరైతే కుర్చీలోంచి కదలనే లేదు. (చెప్పులు పోయిన మాట నిజమే. అది కుక్క పని.)

నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయిన ఆ నేతగాళ్ల వీధిలో, సాయంత్రాలు ఆడవాళ్లను ఒకచోట చేర్చి పాడించడం, మనసు తేలిక చెయ్యడం నా ఉద్యోగం. వాళ్లలో ఒకామెను అందరూ కండెలక్క అనేవాళ్లు, దొరికిన కాస్త నూలూ కండెలకు చుట్టడమే ఆమె బతుకు కాబట్టి. ఆ ఒక్క గంట తప్ప ఆమె గడప దాటగా నేను చూడలేదు. ఆమె మొగుడు నాకు ముందే హెచ్చరిక చేసినాడు. "ఈ శుక్రవారం నేనొచ్చి చూస్తా టీచరమ్మా. బాగుంటే పంపిస్తా. ల్యాకుంటే ఇంట్లో పనుండాది, అది చాలు." ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఈడికి రాకుంటే నేను గూడా ఒక కండెనైపోతానమ్మణ్ణీ" అనింది.

శుక్రవారం దీపాలు పెట్టే వేళ. కుర్చీలో కోస్తా నుంచి వచ్చిన మా ఆఫీసరు, ఎదురుగా చాప మీద చేతులు కట్టుకుని ఆ మొగుడు. నేను నేర్పిన వానపాట ఎత్తుకోగానే కండెలక్క మొగుణ్ణి చూసి చరణం మరిచిపోయింది. "భయమెందుకక్కా, నీకు బాగా వచ్చిన పాటే పాడు" అన్నాను. నేను వెలగబెట్టింది ఇంతే! ఆ వీధిలో ఎవరు పోయినా శోకాలకు మొదట పిలిచేది ఆమెనే అని నాకొక్కరు చెప్పి ఉంటే కదా. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, రొమ్ము మీద చెయ్యేసుకుని, నేరుగా మొగుడి వైపు చూసి ఎత్తుకునింది:

"పడుగు పోసి పేక మరిసి యాడికి పోతివి మామా,
మగ్గం గుంత సల్లబడె, నన్నెవరికప్పజెప్పి పోతివి మామా!"

శుక్రవారం! మెడలో తాళి! ఎదురుగా మొగుడు! "ఓసి నీ నోట్లో మన్నుబడ!" అని ముసలమ్మ ఒకామె లేచింది. మొగుడు తన ఎదురొమ్ము తానే తడుముకున్నాడు. "ఏమే, నేనుండానా, పోయినానా?"

ఆమె ఆపితే కదా! "నాకు బువ్వబెట్టి నువ్వు గంజి తాగితివే మామా, నాకు జొరమొస్తే నా కండెలు దొంగసాటుగా సుట్టితివే మామా..." నేను ఆపబోతే ఆయన నామీద విరుచుకుపడినాడు: "కూచో టీచరమ్మా! ఇంగా ఏమేం జెప్తాదో ఇననీ!" ఆ గొంతు అప్పటికే వణుకుతాంది. అంతలో వీధి వీధంతా, ఎవరింట్లో పోయినవాళ్లను వాళ్లు తలుచుకుని ఘొల్లుమనింది.

"ఇదేం ఉల్లాసమండీ?" అన్నాడు ఆఫీసరు, రుమాలు తడిసిపోతుంటే.

"ఏడ్చి తేలికపడినారు గదా సార్, ఇంకేం కావాల?" అని వాదనకు దిగినాను. ఆయన వాదించలేదు. "మా అమ్మ పోయినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదండీ" అన్నాడంతే.

మొగుడు మొహం తుడుచుకుని లేచినాడు. "రేపు గూడా పంపిస్తా టీచరమ్మా. నేనూ వస్తా. మిగిలింది ఇనల్ల గదా!"

పోతూ పోతూ కండెలక్కను అడిగినాను, బతికున్న మనిషికి అట్లా పాడొచ్చునా అని. "సచ్చినంక పాడితే ఇనపడ్తాదా అమ్మణ్ణీ?" అని నవ్వుకుంటా పోయింది.

ఇప్పుడు నాకూ ఒక మొగుడున్నాడు. మంచివాడే. నాలుగు మంచి మాటలు అందామని నోరు తెరిస్తే వాదనే వస్తుంది. ఆయనకూ అదే అలవాటైపోయింది పాపం. అందుకే ఆమెను ఒక్కటి అడగాలని ఉంది. అన్నన్ని చరణాలు తడుముకోకుండా వచ్చినాయే, అప్పటికప్పుడు కట్టినవా? లేక ఆ మామ నిక్షేపంగా బతికుండగానే, పక్కన కూర్చుని ముందే కట్టి పెట్టుకునిందా?