మేస్త్రీకి మొదటి తాంబూలం

బ్రూస్‌పేటలో మా ఇల్లు కట్టింది దురుగప్ప. తాపీపనిలో తలపండినవాడే గానీ, ఆ ఏటికి చూపు మందగించింది. తూకం గుండు దారం కనిపించక గోడ నిలువు చూసే పని కూతురు ఓబమ్మకు వదిలేశాడు. కొత్తవాళ్లకు తాపీ పట్టడం నేర్పేదీ ఆమే. అయినా ఆడదాని కింద పని చేసేది లేదని ముఠాలో పెద్దవాడు గాళెప్ప తెగేసి చెప్పాడు. తన తరువాత కూతురు గంపలు మోయాల్సిందేనా అని దురుగప్పకు ఒకటే దిగులు.

ఒకరోజు టీ తాగుతూ అడిగాడు. "మిమ్మల్ని మేష్ట్రు అంటారు, నన్ను మేస్త్రీ అంటారు. ఈ మాటలు యాడనుంచి వచ్చిండాయి, మేష్ట్రే?"

బడిపంతులునై ఉండీ తెలియదన్నాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. సాయంత్రం లాటిన్ చదివిన పాదిరిగారి దగ్గరికి పోయాను.

ఆయన నవ్వాడు. "మేస్త్రీ పోర్చుగీసువాళ్ల ఓడ దిగిన మాట. పాదిరి కూడా ఆ ఓడదే. మీ మేష్ట్రు ఇంగ్లీషు మాస్టరు. రెండింటికీ తల్లి లాటిన్‌లో మజిస్తెర్, అంటే పైవాడు, పెద్ద. అదే మాటతో ఇటలీలో సంగీతంలో ఆరితేరినవాణ్ణి పిలుస్తారు, జర్మనీలో పనివాళ్ల పెద్దను పిలుస్తారు. నేర్పేవాడనే అర్థం కూడా పాతదే."

మర్నాడు చెబితే దురుగప్ప మళ్లీ మళ్లీ అడిగి విన్నాడు. "హౌదా? నేర్పేటోళ్లకూ అదే పేరా?" అని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

వాకిలి ద్వారబంధం నిలబెట్టే రోజు వచ్చింది. ఇంటివాళ్లు మొదటి తాంబూలం ఎవరికిస్తే వాళ్లే మేస్త్రీ, ఆపైన ఎదురు చెప్పకూడదు. ఇది వాళ్ల ముఠా కట్టుబాటు. నేను తాంబూలం అందిస్తే దురుగప్ప చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"గాళెప్పా, నీ తమ్మునికి తాపీ పట్టేది నేర్పిచ్చింది ఎవురప్పా?"

గాళెప్ప నేల చూశాడు. "ఓబమ్మ."

"మేస్త్రీ అంటే నేర్పేటోళ్లంట. మేష్ట్రు కనుక్కోనొచ్చినాడు. ఇంగ ఆ తాంబూలం ఎవురికియ్యల్లో చెప్పు."

గాళెప్ప వాకిలి దగ్గరికి నడిచాడు. నేనే ఓబమ్మ చేతిలో పెట్టాను. ఆమె తాంబూలం కొంగున కట్టుకుని, తూకం గుండు దారం జారవిడిచి, వాకిలి పక్కన నిలబడింది. గాళెప్ప వాకిలి నిలువు కమ్మి పట్టుకుని ఒక అంగుళం జరిపాడు.

"ఇంగా ఇట్ల జరపల్లా, మేస్త్రీ?" అన్నాడు చివరికి.

దురుగప్ప నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఏమన్యాడు మేష్ట్రే? ఇంగోసారి అనమను."