చేపలకు వేసిన తవుడు

దుర్గవ్వ నోటికి ఎల్లంతకుంటలో జడవని వాళ్లు లేరు. అలాంటి మనిషి ఆ పొద్దున కిమ్మనలేదు.

ఆమె చేపల చెరువుల దగ్గర కూలి చేస్తుంది. పరిశోధన కోసం జగిత్యాల నుంచి వచ్చిన ప్రవళిక, మూడు నెలలుగా కొత్త మేత పెట్టి ముప్పై చేపల్ని తొట్టిలో పెంచుతోంది. ఆ మేత ఒంటపట్టిందో లేదో రక్తంలో చూడాలి. చేప మాత్రం చావకూడదు. లవంగనూనె కలిపిన నీళ్లలో దానికి మత్తెక్కించి, తడిగుడ్డలో పట్టుకుని, తోక దగ్గర అడుగు నుంచి వెన్నెముక తగిలేదాకా సూది దింపి, కొద్దిగా రక్తం లాగి, తాజా నీళ్లలో వదలాలి. ముందురోజు నుంచి రక్తం తీసేదాకా చేపలు పస్తుండాలి, తింటే రక్తం తప్పు చెబుతుంది.

దుర్గవ్వ తెల్లవారగానే రెండు దోసిళ్ల తవుడు వేసేసింది.

పన్నెండు చేపల దాకా గుడ్డలో పట్టి ఇస్తూనే ఉంది. చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, కానీ ఈ పిల్ల కష్టమంతా బూడిదలో పోసినట్టే. పదమూడో చేప దగ్గర ఇక ఆగలేకపోయింది.

"ఆపు బిడ్డా. పొద్దుగాల నేనే తవుడేసిన."

"వద్దని నిన్న చెప్పిన గదా! ఎందుకేసినవ్ అవ్వా?"

"నా బిడ్డ రత్నమాల కాన్పుకు జగిత్యాల దవాఖానల రక్తం తక్కువైంది. కోరుట్ల పిలగాడెవరో అచ్చి ఇచ్చిండు. ఇడ్లీ తెద్దామని ఉరికిన. నేనచ్చేసరికి బస్సెక్కి పోయిండు. పేరు సుత తెల్వది. నా బిడ్డను బతికించినోనికి ఓ ముద్ద పెట్టలేకపోయిన. రక్తమిచ్చెటోళ్లను పస్తుంచుడు నాతోని కాలే."

ప్రవళికకు కోపం రాలేదంటే అబద్ధం. రక్తం పట్టిన పన్నెండు సీసాలూ పక్కన పడేసింది. కాసేపటికి దుర్గవ్వ తడిచేయి పట్టుకుంది.

"నువ్వు చెప్పకుంటే నా చదువంతా తప్పయిపోతుండె. నీ మేలు మర్చిపోనవ్వా."

చెరువుల యజమాని చెవిన ఆ మాట పడనివ్వలేదు. రెండు వారాలాగి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి దుర్గవ్వే ముందురోజంతా తొట్టికి కాపలా కాసింది. ముప్పైకి ముప్పై చేపలూ బతికాయి. సాయంత్రానికి అన్నీ తేరుకుని తిరుగుతుంటే ప్రవళిక తవుడు గంప తెచ్చి ముందు పెట్టింది.

"ఇగ పెట్టవ్వా."

దుర్గవ్వ దోసిలి నింపి తొట్టిలో వేసింది. చేపలు మూతులు పైకెత్తి ఎగబడ్డాయి. ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

"తిను కొడుకా," అంది. "కడుపునిండ తిను."