గోడమీది సీడీ ప్లేయర్

మా తమ్ముడు కొన్న సీడీ ప్లేయర్‌ను గడియారంలా గోడకు తగిలించాలి. మూత ఉండదు, సీడీ నిలువుగా, బయటికి కనిపిస్తూనే తిరుగుతుంది. మెదక్‌లో మా ఇంట్లో తప్ప అలాంటిది నేనెక్కడా చూడలేదు. తెలంగాణ ఉద్యమంలో వాడు పాడిన పాటల సీడీ ఎప్పుడూ అందులోనే ఉండేది. జ్వరమొచ్చి వాడు పోయాక, దాని పక్కనే వాడి ఫొటో తగిలించాం. దశదినకర్మ నాడు అమ్మ ఫొటోకు బొట్టు పెట్టి, అదే చేత్తో సీడీకీ పెట్టింది. పాట పెడితే వాడి గొంతు తెగి తెగి వచ్చింది.

"సీడీని గట్ల నిలువుగ తిప్పితె పాట ఖరాబ్ గాదా?" అన్నాడు మేనమామ. చావింట్లో కూడా ఆయనకు మిషన్ మీదే పంచాయితీ. ఒళ్లు మండి దాన్ని గోడ మీంచి దించాను. సీడీ తీస్తే, దాని వెనకున్న లెన్సు నిండా బొట్టు నుంచి రాలిన కుంకుమ. తుడిచి పెడితే గొంతు ఖంగుమంది.

"బందు వెట్టు బిడ్డా," అంది అమ్మ. "తెగి తెగి అచ్చినప్పుడే నయముండె. గిప్పుడు ఇంట్లనే ఉన్నట్టున్నడు."