బాపిరాజు గారికి తోడు కావాలి

మన్సూరాబాద్‌లో బాపిరాజు గారిల్లెక్కడ అంటే ఎవరూ చెప్పలేరు. ‘భయం రాజు గారు’ అంటే మాత్రం కూరగాయల బండివాడు కూడా గేటు దాకా తీసుకొచ్చి దింపుతాడు. ఆరడుగుల మనిషి, భీమవరం మీసం, గొంతు విప్పితే ఎల్‌బీ నగర్‌లో విజయవాడ బస్సెక్కినవాడు తననే పిలిచారనుకుని దిగిపోతాడు. అంతటి మనిషికీ అన్నీ భయాలే. కుక్కంటే భయం, లిఫ్టంటే భయం, సూదంటే భయం. అయితే మనలాగా ఆ భయాన్ని లోపల దాచుకుని చెమటలు కక్కే రకం కాదు. పక్కనెవరుంటే వాళ్ళని పట్టుకుని, ఏ మొహమాటమూ లేకుండా, “భయంగా ఉందండీ, కాస్త తోడొస్తారా?” అని అడిగేస్తారు.

ఆయనింట్లో పై పోర్షన్‌లో కిరాయికుండే సింధూరకి మొదట్లో ఇది వింతగా ఉండేది. నల్గొండ పల్లె నుంచి వచ్చిన పిల్ల. పొద్దున్నే ట్యూషన్‌కి బయల్దేరిన పిల్లలు సందు మొదట్లో నల్లకుక్కని చూసి ఆగిపోతే, బాపిరాజు గారు గేటు తీసుకుని వచ్చి వాళ్ళ వెనకాల దాక్కునేవారు. “ఒరేయ్, నన్ను ఆ చివరిదాకా దాటించండర్రా, మీకు పుణ్యముంటుంది.” పిల్లలు ఛాతీలు విరుచుకుని దాటించేవారు. అందరికంటే చిన్నది ఆయన చూపుడువేలు పట్టుకుని, “ఉరకకు తాతా, ఉరికితే వెంటపడ్తది” అని జాగ్రత్తలు చెప్పేది.

సింధూర నాయనమ్మ అండాలమ్మ కళ్ళ దవాఖానకని ఊరి నుంచి వచ్చింది. వాళ్ళకి సాయంగా బాపిరాజు గారూ బయల్దేరారు. మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ చూసి ముసలామె బిగుసుకుపోయింది. “నేను రాను బిడ్డా, గిది నన్ను మింగుతది.” వెనక జనం గొణుక్కుంటున్నారు. సింధూరకి తల కొట్టేసినట్టయింది.

“అమ్మా, నా కాళ్ళు వణుకుతున్నాయండీ. మీ చెయ్యిస్తే పట్టుకుంటాను” అన్నారు బాపిరాజు గారు.

అండాలమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. “గింత మీసముంది, గీ మెట్లకు భయమా? రా సారూ, పట్టుకో!” అని ఆయన్ని బరబరా లాక్కుని ఎక్కేసింది. పట్నంలో ఒక మొగోణ్ణి తాను కాపాడానని ఆమె ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటుంది.

సింధూర సంగతి వేరు. ఆమెకి కుక్కలంటే భయం లేదు, మెట్లంటే భయం లేదు. జనం నోరంటే భయం. ఉద్యోగం మానేసి ఒక్కతే కూర్చుని ‘తెల్లమెట్లు’ అని ఒక వీడియో గేమ్ తయారుచేసింది. అందులో శత్రువులు లేరు, తుపాకులు లేవు, పాయింట్లు లేవు. కలలో లాగా పొగమంచు, తెల్లటి మెట్లు, తలుపులు, ఎక్కడి నుంచో ఒక గంట చప్పుడు. ఆడేవాడి పనల్లా నడవడమే. “జనానికి నచ్చకుంటె మళ్ల ఉద్యోగం చూస్కోవాలె” అని నాన్న మహిపాల్ ముందే షరతు పెట్టాడు, ఆమె ఒప్పుకుంది.

గేమ్ విడుదలైంది. ఆడినవాళ్ళు అభిప్రాయాలు రాయడం మొదలెట్టారు. ఒక్కొక్కరు రాసినప్పుడల్లా ఫోన్ టింగుమంటోంది. సింధూరకి అన్నం సయించలేదు. చివరికి ఫోన్‌ని బియ్యం డబ్బాలో పాతిపెట్టి, మూత మీద కుక్కర్‌ని బరువుగా పెట్టింది.

పెసరట్లు తెచ్చిన బాపిరాజు గారికి బియ్యం డబ్బా టింగుమనడం వినిపించింది.

“ఫోన్ నీళ్ళలో పడిందా అమ్మాయ్, బియ్యంలో ఆరబెట్టావ్?”

“లేదంకుల్. భయమైతుంది.”

“దేనికి?”

“గందులో ఏం రాసిన్రో అని. బాలేదని రాస్తె ఇగ నేను మళ్ల ఏం చెయ్యలేనంకుల్.”

ధైర్యం చెప్తారనుకుంది. పెద్దవాళ్ళు చేసే పనదే కదా. ఆయన పళ్ళెం కింద పెట్టి ఆమె పక్కనే కూలబడ్డారు. “బాబోయ్, నేనైతే అస్సలు చూడలేను. ముందు ఆ ఆటేంటో ఆడించు. పక్కనే ఉండాలి సుమా!”

ఆడారు. పొగమంచు కనబడగానే ఆయన కాళ్ళు కుర్చీలో పైకి పెట్టేసుకున్నారు.

“దయ్యం వస్తుందా?”

“రాదంకుల్.”

“మనుషులు?”

“ఎవ్వరుండరు.”

“అదేనమ్మాయ్ భయం! దయ్యమైతే కనీసం పలకరిస్తుంది.”

ఆట అయ్యాక ఇద్దరూ బియ్యం తవ్వి ఫోన్ బయటికి తీశారు. “నేను కళ్ళు మూసుకుంటాను, నువ్వు చదువు. చెడ్డదొస్తే ముందే చెప్పు, చెవులు కూడా మూసుకుంటాను” అన్నారు బాపిరాజు గారు. ఇక ఆయన కోసమని సింధూర చదవక తప్పలేదు.

“‘ఇందులో ఏమీ లేదు. ఉత్త నడకే అయితే మా అపార్ట్‌మెంట్ కిందే నడుస్తాను కదా.’”

“అయ్యబాబోయ్!”

“ఏం గాదంకుల్, ఒకలకు నచ్చలే, గంతే. ఇంకోటి సూడండి. ‘ఆడుతూ ఆడుతూ హాయిగా నిద్రపోయాను. ఫైవ్ స్టార్స్.’”

“ఇది తిట్టా, పొగడ్తా?”

“నాకూ తెల్వది.” చాలా రోజుల తర్వాత సింధూర నవ్వింది.

ఇంకొకామె, మనసు బాగోనప్పుడు ఆ మెట్ల మీద కాసేపు కూర్చుంటున్నానని రాసింది. ఇంకొకతను, ‘బాగుంది గానీ ఒక్క మనిషైనా ఉంటే ఇంకొంచెం ముందుకి నడిచేవాణ్ణి, భయమేసి ఆపేశాను’ అన్నాడు. ఆ తర్వాతది సింధూర గబగబా చదివేసింది. ‘ఇది గేమ్ కాదు. చేసినవాళ్ళకి చేతకాదు.’

బాపిరాజు గారు లేచి నిలబడ్డారు. “నా వల్ల కాదమ్మాయ్, నేను పోతాను.”

“కూసోండంకుల్! గింతదానికే లేస్తరా? ఆయనకు నచ్చకపోతె లోకం మునుగుతదా? నేను ఇంకోటి చేస్త!”

అనేశాక ఆ మాట ఆమెకే వినిపించింది. భయం పూర్తిగా పోలేదు గానీ, కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. సింధూర పెసరట్టు తుంచుకుని నోట్లో పెట్టుకుంది.

కొన్నాళ్ళకి సింధూర దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగింది. కిందికి దిగుతుంటే, పక్కన పైకి పోయే ఎస్కలేటర్ మీద బాపిరాజు గారు కనిపించారు. ఒక్కరే. ఖాళీ సంచులు భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ, కదిలే మెట్లని రెండేసి చొప్పున దాటుకుంటూ కుర్రాడిలా ఎక్కిపోతున్నారు. సింధూర వెనక్కి తిరిగి తిరిగి చూసింది. సందులోకి వచ్చేసరికి నల్లకుక్క ఆయన గేటు ముందు, ఆయనింటి పళ్ళెంలోనే పెరుగన్నం తింటోంది.

ఆయన భార్య కుసుమకుమారి గారు బీరకాయలు చెక్కుతున్నారు. “ఆంటీ, అంకుల్‌కి ఎస్కలేటరంటె భయం గదా?”

“పక్కన భయపడేవాళ్ళుంటేనే అమ్మా ఆయనకి భయం” అన్నారావిడ, కత్తిపీట మీంచి తల ఎత్తకుండా. “ఒంటరిగా ఉంటే ఏ జబ్బూ లేదు. నీకు తెలిసిందని చెప్పకేం, సిగ్గుపడిపోతారు.”

సింధూర చెప్పలేదు. గేమ్‌లో మాత్రం చిన్న మార్పు చేసింది. ఇప్పుడు మొదటి మెట్టు దగ్గర, పొగమంచులో, పెద్ద మీసాలాయన ఒకరు నిలబడి ఉంటారు. ఎవరొచ్చినా ఒకటే మాట: “భయంగా ఉందండీ, కాస్త తోడొస్తారా?” మధ్యలో భయమేసి ఆపేసినతను మళ్ళీ వచ్చి రాశాడు: ‘పాపం, ఆ పెద్దాయన్ని పైదాకా దిగబెట్టి వచ్చాను. నేను లేకపోతే ఏమైపోయేవారో!’ అది ఫోన్లో చదివి వినిపిస్తే నాన్న మహిపాల్, “ఇంకోటి ఎప్పుడు చేస్తవ్?” అని అడిగాడు.

ఆ మార్పుని సింధూర బాపిరాజు గారికీ చూపించింది. ఆయన తెరకి దగ్గరగా వంగి, తన మీసం ఒకసారి సవరించుకున్నారు.

“ఎవరమ్మాయ్ ఈయన? మరీ ఇంత పిరికివాడేంటి! పద పద, పాపం, మనం పైదాకా తోడెళ్దాం.”